సున్నాన్ని నిమ్మకాయ చేసిన మీ కోర్సు: డబ్బు వాపసు కోసం ఫిర్యాదు

నల్గొండ,
16 జూన్ 2025

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలోని అకడమిక్ రీడింగ్ కోసమని అమ్మిన ఇంగ్లిష్ పదాల కోర్సులో పనికిరాని తెలుగు అర్థాలు, చెప్పింది ఒకటి ఇచ్చింది ఒకటి, నేను కట్టిన 8,999 రూపాయలు తిరిగి ఇవ్వడం గురించి.

అయ్యా,

నేను నల్గొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. సొంతూరు మర్రిగూడ మండలంలో. బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావడానికి ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాస్తే, అందులో రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్ మూడింటిలో 7, రైటింగ్‌లో 6.5 రావాలి. నాకు మిగతా మూడూ వచ్చాయి, రీడింగ్ మాత్రం 6 దగ్గర ఆగిపోయింది. 40 ప్రశ్నల్లో 6 రావాలంటే సుమారు 23, 7 రావాలంటే సుమారు 30 ఒప్పు కావాలి. ఆ ఏడు ప్రశ్నల కోసమే మీ కోర్సు కొన్నాను.

మీ తరఫున ఫోన్ చేసినామె చెప్పిన మాటలు నాకింకా గుర్తున్నాయి. "మేడమ్, 3,500 అకడమిక్ పదాలు, ప్రతి పదానికీ తెలుగు అర్థం, 90 రోజులు, రీడింగ్‌లో 7 గ్యారంటీ." రెండు నెలల నైట్ డ్యూటీ అలవెన్సు తీసి కట్టేశాను. "పుస్తకం లేదు, సారు లేడు, ఫోన్ల ఏం సదువుతవ్ బిడ్డా?" అని మా అమ్మ అడిగితే, ఇప్పుడంతా ఇట్లనే అమ్మా అని సర్దిచెప్పింది కూడా నేనే.

మొదట అనుమానం వచ్చింది నాకు బాగా తెలిసిన మాటల దగ్గరే. 'అడ్మినిస్టర్' అంటే మీ యాప్‌లో 'పరిపాలించు' అని ఉంది. రాత్రి పదింటికి నేను పేషెంటుకు ఇంజెక్షన్ ఇస్తాను గానీ పరిపాలించను. 'అక్యూట్' అంటే 'లఘు కోణం' అట. అక్యూట్ పెయిన్‌తో, అంటే ఉన్నట్టుండి మొదలైన నొప్పితో, వచ్చిన మనిషి నొప్పిని ఏ డిగ్రీల్లో కొలవాలో మీరే చెప్పాలి. 'కల్చర్' అంటే 'సంస్కృతి'. మేం ల్యాబుకు బ్లడ్ కల్చర్ పంపితే రక్తం సంస్కృతి రిపోర్టు రాదండీ, అందులో ఏ బాక్టీరియా పెరిగిందో వస్తుంది. ఒంట్లోని కణజాలాన్ని చెప్పే 'టిష్యూ'కు 'చేతులు తుడుచుకునే కాగితం' అని చూసి, పక్క బెడ్ దగ్గరున్న సిస్టర్‌ను పిలిచి చూపించాను. ఇద్దరం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం.

ఈ అర్థాలు తప్పు అనడం లేదు, వేరే చోట అన్నీ ఒప్పే. కానీ మీరు అమ్మింది అకడమిక్ రీడింగ్ కోర్సు. అందులో వచ్చేవి ఎక్కువగా సైన్సు, చరిత్ర, పర్యావరణం మీద వ్యాసాలు. అక్కడ ఏ అర్థం పనికొస్తుందో దాన్నే వదిలేసి, నిఘంటువులో ముందు కనబడిందేదో తెచ్చి అతికించారు. అసలు మనిషి చూసి పెట్టాడా, మెషిన్ పెట్టిందా అన్నది మీకే తెలియాలి.

నవ్విన తర్వాత భయం పట్టుకుంది. నాకు తెలిసిన మాటల సంగతే ఇట్లా ఉంటే, తెలియని మాటలకు మీరిచ్చిన అర్థాన్ని నేనెట్లా నమ్మాలి? అప్పటికే కొన్ని నమ్మి చెడిపోయాను. 'నావెల్' అంటే 'నవల' అనే నేర్చుకున్నాను. ప్రాక్టీసు పాఠంలో 'నావెల్ అప్రోచ్' అని వస్తే, ఇదేదో కథల గురించి అనుకుని పేరాకు తప్పు హెడింగ్ పెట్టాను. అక్కడ దానికి అర్థం 'కొత్త' అని. 'ఈల్డ్' అంటే 'లొంగిపోవు' అన్నారు. మా నాయిన బత్తాయి తోట పెట్టినోడు. చెట్టుకు ఎన్ని కాయలు దిగినయో లెక్కపెట్టుకుంట పెరిగిన నాకు, 'దిగుబడి' అన్న మాట ఇంట్లోనే ఉండగా, ఆ పాఠం సగం దాకా ఎవరు ఎవరికి లొంగారో వెతుక్కున్నాను.

అయినా ఈ ఉత్తరం రాసేదాన్ని కాదేమో. రాయించింది మీ పదిహేడో ప్రాక్టీసు పాఠం.

అది తాగునీటిలో ఫ్లోరైడ్ తీసే పద్ధతి మీద. అందులో మా జిల్లా పేరే ఉంది: నల్గొండ టెక్నిక్. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతి అది, పేరు మాత్రం మా నల్గొండది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి బాగా తిప్పుతారు. తెట్టెలు తెట్టెలుగా కట్టిన మడ్డి ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతుంది, పైన తేరిన నీటిని వడకడతారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఫ్లోరైడు, మా దిక్కు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఆ నీళ్లు తాగీ తాగీ మా నాయనమ్మ యాభై ఏండ్లకే నడుము వంగి, గోడ పట్టుకుని నడిచేది. మోకాళ్లు ముడుచుకుంటే చాపడానికి ఇద్దరం పట్టేవాళ్లం. కాబట్టి ఆ పాఠం నేను పరీక్ష కోసం చదవలేదు, ఇంటి సంగతిలాగా చదివాను.

ఆ పాఠంలో 'లైమ్' మీద వేలు పెడితే మీ యాప్ ఇచ్చిన అర్థం 'నిమ్మకాయ'.

పటిక, నిమ్మకాయ కలిపి ఫ్లోరైడు తీస్తారట! అక్కడితో ఆగలేదు. నీటిని శుద్ధి చేసే కేంద్రం, 'ట్రీట్‌మెంట్ ప్లాంట్' అంటే 'చికిత్స మొక్క'. ఇంతకుముందు అర్థాలకు నవ్వాను గానీ, దీనికి నవ్వు రాలేదు. సున్నానికీ నిమ్మకూ ఇంగ్లిష్‌లో ఒకటే మాట అని నాకూ తెలుసు. రెండూ రాసి, ఇక్కడ ఏది పనికొస్తుందో చూపించడానికే కదా నేను డబ్బులు కట్టింది? ఇదే కోర్సు కొన్న ఇంటర్ పిల్లలు సైన్సు పాఠంలోనూ ఇదే నేర్చుకుంటే ఎవరిది పాపం?

ఇక మీ 3,500 పదాల సంగతి. అకడమిక్ పదాలంటే ఏమిటని వెతికితే, న్యూజీలాండ్‌లోని వెల్లింగ్టన్ విక్టోరియా యూనివర్సిటీలో ఆవ్‌రిల్ కాక్స్‌హెడ్ అనే ఆమె 2000లో ప్రచురించిన జాబితా దొరికింది. సుమారు 35 లక్షల పదాల అకడమిక్ రచనలను జల్లెడ పట్టి, 570 పద కుటుంబాలు, అంటే ఒక్కో మాటా దాని రూపాలూ కలిపి, తీశారు. అకడమిక్ రచనల్లో దాదాపు పదో వంతు మాటలు వీటి నుంచే వస్తాయి. ఇది ఉచితంగా దొరుకుతుంది. అందులో మొదటి 60 పదాలు తీసుకుని మీ యాప్‌లో ఒక్కొక్కటే వెతికాను. దొరికినవి 11. 'అస్యూమ్' లేదు, 'డిరైవ్' లేదు, 'కాన్‌స్టిట్యూట్' లేదు. ఉన్నవేమిటంటే 'ఆబ్సీక్వియస్', 'ప్యూసిల్లానిమస్', 'అబ్‌స్టీమియస్'. ఇవి విదేశాల్లో పీజీ చదువుల కోసం రాసే జీఆర్ఈ పరీక్ష పాత గైడ్లలో కనిపించే మాటలు. జీఆర్ఈ వాళ్లే 2011లో వ్యతిరేక పదాల ప్రశ్నలు తీసేశారు. ఎక్కడో అటక మీది సామాను దులిపి మాకు కొత్తదని అమ్మినట్టుంది.

దానికి తోడు అంతా అక్షర క్రమమే. అబేస్, అబేట్, అబెట్, అబ్జ్యూర్ ఒకే రోజు. తెల్లవారుజామున మూడింటికి, బీపీలు చూసి వచ్చి కూర్చుని చదివితే, ఏది తగ్గడమో, ఏది నేరానికి తోడు పోవడమో, ఏది వదులుకోవడమో కలిసిపోతాయి. 90 రోజుల్లో 3,500 అంటే రోజుకు 39. నేర్చుకున్నది మళ్లీ చూడకపోతే ఎంత తొందరగా మరిచిపోతామో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1885లోనే చూపించాడు. మీ ప్రకటనలో 'స్మార్ట్ రివిజన్' అని ఉంది, యాప్‌లో ఆ బటన్ నొక్కితే 'త్వరలో వస్తుంది' అని వస్తుంది. నేను నొక్కుతూనే ఉన్నాను, నాలుగు నెలలైంది.

పరీక్షలో నన్ను పడగొట్టేవి పెద్ద మాటలు కానే కావు. గంటలో మూడు పాఠాలు, 40 ప్రశ్నలు. జవాబులు దిద్ది రాసుకోవడానికి వేరే టైము లేదు. పాఠంలో 'చాలామంది' అని ఉండి ప్రశ్నలో 'అందరూ' అని ఉంటే, పాఠం ఒకలా చెప్పి ప్రశ్న అదే సంగతిని వేరే మాటల్లో అడిగితే, అక్కడ పట్టుకోవాలి. ప్రశ్నలోని మాట పాఠం ప్రకారం తప్పా, లేక పాఠంలో అసలు చెప్పనే లేదా అన్న తేడా 'మోస్ట్', 'ఓన్లీ', 'టెండ్' లాంటి చిన్న మాటల మీద ఉంటుంది. మీ 3,500లో అవి లేవు. నాకు 6 వచ్చింది మీ వల్ల కాదు, అది కోర్సు కొనకముందు సంగతి. కానీ ఆగస్టులో మళ్లీ రాస్తున్నాను, నాలుగు నెలలు మీకు పోయాయి.

వాపసు అడిగితే మీ చాట్‌లో 'ఏడు రోజుల గడువు ముగిసింది, మీ భావాలను గౌరవిస్తున్నాం' అని వచ్చింది. రోజు పాఠం పూర్తయితేగానీ మరుసటి రోజుది తెరుచుకోని కోర్సులో, ఏడు రోజుల్లో నేను చూడగలిగింది 'ఏ' అక్షరం మాత్రమే. పదిహేడో పాఠంలోని నిమ్మకాయ ఏడో రోజున ఎట్లా కనబడుతుంది? మే 28న మీకు ఈమెయిల్ పెట్టాను. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు, అందిందన్న మాట కూడా లేదు.

నా 8,999 రూపాయలు పూర్తిగా నా ఖాతాకు తిరిగి వేయండి. కూపన్లు, ఇంకో కోర్సు వద్దు. దానికంటే ముందు ఆ పదిహేడో పాఠం సరిచేయండి, ఇప్పటికే అది చదివిన వాళ్లందరికీ సవరణ పంపండి. '7 గ్యారంటీ' అన్న మాట ప్రకటన నుంచి తీసేయండి. జూన్ 28 లోపు జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో చెప్తాను, ఆ తర్వాత నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న ఊళ్లోనే వేయవచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. మీ ఆఫీసు ఎక్కడున్నా రావలసింది ఇక్కడికే.

డబ్బు కట్టిన రసీదు, నేను చెప్పిన అర్థాలన్నింటి స్క్రీన్‌షాట్లు, మీ చాట్ కాపీ దీంతో జతచేశాను. జవాబు ఈమెయిల్‌కే రాయండి. ఫోన్ చేయాలనుకుంటే పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా చేయకండి, నైట్ డ్యూటీ దిగి పడుకుని ఉంటాను.

ఇట్లు,
మీ కోర్సు కొన్న స్టాఫ్ నర్సు
(సంతకం)