‘రాజీనామా’ అని రాయించుకుంటే భృతి ఎలా వస్తుంది? కార్మిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

నేను ఇద్దరు బడి పిల్లల తల్లిని, హైదరాబాద్ శివార్లలోని ఒక ప్యాకింగ్ యూనిట్‌లో కార్మికురాలిని. పని తగ్గిందంటూ మాలో కొందరిని తీసేయబోతున్న యాజమాన్యం, తొలగింపు ఉత్తర్వు ఇవ్వకుండా రాజీనామా పత్రాలు అడుగుతోంది.

ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) చట్టం కింద 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన, పని పోయిన బీమాదారులకు జీవితంలో గరిష్ఠంగా 90 రోజుల భృతి ఇస్తుంది. మొదట సగటు దినసరి వేతనంలో 25 శాతంగా ఉన్న ఆ మొత్తాన్ని కరోనా కాలంలో 50 శాతానికి పెంచారు. అయితే యాజమాన్యం ఈఎస్ఐకి పంపే నెలవారీ చందా వివరాల్లో నమోదు చేసే కారణమే మా దరఖాస్తుకు ఆధారమవుతుంది. అక్కడ ‘తొలగింపు’ బదులు ‘ఉద్యోగం మానేశారు’ అని పడితే భృతికి చిక్కులు వస్తాయి, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం చొప్పున రావలసిన తొలగింపు పరిహారమూ పోతుంది. నెలనెలా జీతంలోంచి ఈఎస్ఐ చందాగా 0.75 శాతం కోయడానికి మాత్రం మా సంతకం ఎవరికీ అవసరం లేదు!

కాబట్టి నమోదైన కారణాన్ని వెంటనే కార్మికుల ఫోన్‌కు తెలియజేసి, అభ్యంతరం చెప్పే అవకాశమిచ్చి, వివాదం తేలేవరకు తాత్కాలికంగానైనా భృతి చెల్లించేలా ఆదేశించవలసిందిగా కోరుతున్నాను. భృతితోపాటు పిల్లల వైద్యమూ ఈఎస్ఐ కార్డుపైనే ఆధారపడి ఉంది గనుక, ఈ ఆదేశం మా చేత సంతకాలు పెట్టించుకోకముందే రావాలి.

ఇట్లు,
ఒక ఈఎస్ఐ బీమాదారు