తొర్రని వదిలేసి మట్టిగూళ్ళు గోకిన మీ కందిరీగల సేవ గురించి ఫిర్యాదు

కవిటి మండలం,
శ్రీకాకుళం జిల్లా,
25 నవంబరు 2024.

పురుగుల నివారణ (పెస్ట్ కంట్రోల్) సంస్థ బ్రాంచి మేనేజరు గారికి,
శ్రీకాకుళం.

విషయం: నవంబరు 12న కందిరీగల గూడు తీయకుండానే పని పూర్తయినట్టు బిల్లు ఇవ్వడం, దానివల్ల మా నాయనకి జరిగిన హాని.

అయ్యా,

మీ బిల్లు ప్రకారం మా ఇంట్లో కందిరీగలు లేవు. నవంబరు 12, మంగళవారం మధ్యాహ్నం పన్నెండుంబావుకి అవి పోయాయని అందులో ఉంది. నేను ఈ ఉత్తరం వీధి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. తలెత్తితే పశువుల సాల పక్కన కొబ్బరి మోడు, దాని తొర్రలోకి వస్తూ పోతూ కందిరీగలు కనబడుతూనే ఉన్నాయి. బిల్లు సంగతి వాటికి ఇంకా తెలిసినట్టు లేదు.

అసలు మేము అడిగిన పని ఇది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా తోటలో సగం చెట్లని వేళ్ళతో పెకలించేసింది. సాల పక్క చెట్టుకి తల ఒక్కటే విరిగింది. ఆవుని కట్టుకోడానికి పనికొస్తుందని ఆ మోడుని అలాగే ఉంచేశాం. ఏళ్ళు గడిచేసరికి లోపల పుచ్చిపోయి, మనిషెత్తున తొర్ర పడింది. ఈ ఏడు వానలు వెళ్ళేసరికి అందులో పెద్ద కందిరీగలు చేరాయి. నల్లటి ఒళ్ళు, పొట్టకి అడ్డంగా పసుపు పట్టీ, దగ్గరగా వెళితే చెవిలో మోటారు తిరిగినట్టు మోత. 17వ తేదీ ఆదివారం చుట్టాలంతా కార్తీక వనభోజనాలకి మా తోటకే వస్తామన్నారు. పిల్లలుంటారు. అందుకే మీకు ఫోన్ చేశాను.

మా అమ్మకి ఇది ఇష్టం లేదు. ‘కార్తీకంలో ఆటి ఉసురు మనకేటిరా?’ అంది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. తొర్రలోవి మనుషుల మీద పడతాయి గనక సరే. కిటికీ చట్రాల్లో మట్టిగూళ్ళు కట్టుకున్నవాటినీ, వసారా చూరుకి ఒక్క కాడతో వేలాడుతున్న చిన్న కాగితం గూడునీ ముట్టుకోకూడదు. ఈ షరతు నేను మీ కాల్ సెంటర్‌లో రెండుసార్లు చెప్పాను. రాసుకున్నామన్నారు.

మీ కుర్రాడు పదకొండున్నరకి బండి మీద వచ్చాడు. వచ్చీరాగానే జేబులోంచి పుట్టీ బ్లేడు తీసి కిటికీల దగ్గరికి వెళ్ళాడు. నేను సాల దగ్గర ఆవుని విప్పి వచ్చేలోపు మట్టిగూళ్ళన్నీ గోకేశాడు, పద్నాలుగు. ‘ముందు’, ‘తరవాత’ అని ఫోటోలు కూడా తీసుకున్నాడు. మీ దగ్గర ఉన్న ఫోటోలు అవే. ఒకసారి తెరిచి చూడండి, వాటిలో కొబ్బరి మోడు ఎక్కడైనా ఉందేమో.

మట్టిగూడు కట్టేది ఒంటరి జీవి. దానికి సైన్యం లేదు, గూడు కాపలా కాయదు, చేత్తో పట్టుకుని నలిపితే తప్ప కుట్టదు. సాలీడునో గొంగళిపురుగునో కుట్టి, చావకుండా కదలకుండా చేసి, ఆ గదిలో పెట్టి, గుడ్డు పెట్టి, మట్టితో మూసేసి వెళ్ళిపోతుంది. లోపల పిల్ల ఆ పురుగుని తిని పెరిగి రెక్కలతో బయటికి వస్తుంది. పురుగు లోపలికి వెళ్ళి కందిరీగ బయటికి రావడం చూసే, పురుగే భ్రమరంగా మారిపోతుందనుకుని, మన పెద్దలు భ్రమరకీటక న్యాయం అన్నారు. చూరు కింది కాగితం గూటివి కొంచెం కోపిష్టివే గానీ, మా వంగ మొక్కల మీద పురుగుల్ని ఏరుకుపోయేది అవే. మీ కుర్రాడు దాన్నీ కర్రతో పడగొట్టాడు. మా అమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

ఇక తొర్ర సంగతి. మిట్టమధ్యాహ్నం అతను దాని ముందు నిలబడ్డాడు. ముఖానికి వల లేదు, కరోనా రోజుల నాటి గుడ్డ మాస్కు ఉంది. పొట్టి చేతుల చొక్కా. అప్పుడు మా కొబ్బరికాయలు దింపే మనిషి చెట్టు మీంచే అరిచాడు: ‘పగటిపూట ఏటి సేస్తావు నాయినా, సగం మంద బైటే ఉంటాది, సీకటడ్డాక రా!’ అతను చదువుకోలేదు గానీ ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. చీకటి పడితే అన్నీ గూటికి చేరతాయి, చురుకు తగ్గుతుంది. టార్చికి ఎర్ర కాగితం కడితే ఆ వెలుగు వాటికి సరిగా ఆనదు. పగలైతే మందు కొట్టినప్పుడు లోపలున్నవి చస్తాయి, మేతకెళ్ళినవి తిరిగొచ్చి ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద పడతాయి. బెదిరిన కందిరీగ వదిలే వాసనకి మిగతావి కూడా రేగుతాయి. తేనెటీగలా ముల్లు వదిలేసి చచ్చేది కాదు ఇది, ఎన్నిసార్లైనా కుడుతుంది.

రెండు నిమిషాలు స్ప్రే కొట్టాడు. బయటికొచ్చినవి అతన్నే రెండుచోట్ల కుట్టాయి. పరిగెత్తుకొచ్చి, మేము సున్నం రాస్తుంటే పళ్ళు బిగబట్టుకుని, ‘సార్, అయిదు స్టార్లు ఇవ్వండి, జీతం దాని మీదే ఉంటాది’ అన్నాడు. ఇచ్చాను. ఆ గుంటడి మీద నాకు కోపం లేదు. బొద్దింకల జెల్లు పెట్టడం, చెదల మందు కొట్టడం, ఈ రెండే నేర్పారట అతనికి. కందిరీగల పనికి రావడం అదే మొదటిసారట. ఈ ఉత్తరం చూసి అతన్ని తీసేస్తే మాత్రం నాకు న్యాయం చేసినట్టు కాదు. నేర్పకుండా, వల ఇవ్వకుండా పంపినవాళ్ళ మీదే నా ఫిర్యాదు.

అతను వెళ్ళిన ముప్పావు గంటకి మా నాయన ఆవుకి గడ్డి వేయడానికి సాలలోకి వెళ్ళాడు. పని అయిపోయిందని మేమే చెప్పాం. అయిదు చోట్ల కుట్టాయి, రెండు మెడ మీద. పది నిమిషాల్లో పెదాలు ఉబ్బి, మాట ముద్దగా వచ్చి, ఊపిరి అందడం లేదని సైగ చేశాడు. 108 పిలిచాం. ఆసుపత్రిలో అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చి రాత్రంతా ఉంచుకున్నారు. ఒంటికి పడనివాళ్ళకి ఒక్క కుట్టు చాలట ప్రాణం మీదికి రావడానికి.

మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం అని మీకు తెలుసు. మా నాయనకి డెబ్భై ఒకటి, మూడేళ్ళుగా రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే లెక్క, ఎక్కువే ఉంది. పదులకొద్దీ కుడితే ఆ విషం కిడ్నీల మీద పడుతుందని డాక్టరు చెప్పినప్పటి నుంచి, అయిదే కదా అని ఎవరు ఎంత చెప్పినా మా అమ్మకి నిద్ర లేదు. రెండుసార్లు రక్తపరీక్ష చేయించాం. పెరగలేదు. ఆ రెండు రిపోర్టుల కోసం మేము ఎదురుచూసిన ఎదురుచూపుకి మీ బిల్లులో గడి లేదు. వనభోజనాలు మానుకున్నాం.

మీ కాల్ సెంటర్‌కి నాలుగుసార్లు చేశాను. మూడుసార్లు పాట వినిపించారు. నాలుగోసారి ఒకావిడ ఎంతో మర్యాదగా, మీ టికెట్ క్లోజ్ అయిపోయింది, అయిదు స్టార్లు కూడా ఇచ్చారు కదండీ, మళ్ళీ రావాలంటే కొత్త బుకింగ్ చేసుకోవాలి అన్నారు. ఏడాది ప్యాకేజీ తీసుకుంటే తగ్గింపు ఉందని కూడా చెప్పారు.

ఇంకొకటి. అతను తెచ్చిన మందు తాగునీళ్ళ సీసాలో ఉంది. పేరు లేదు, లేబుల్ లేదు. పురుగుమందు డబ్బా మీద అది ఎంత విషమో చెప్పే ఎరుపో పసుపో నీలమో ఆకుపచ్చో ఒక త్రికోణం ఉండాలని ఇక్కడ ఏ రైతునడిగినా చెబుతాడు. ఆ మందు తుంపర్లు పక్కనున్న గడ్డికుప్ప మీద పడ్డాయి. ఆ రోజు నుంచి ఆ గడ్డి ఆవుకి వేయలేక బయట కొంటున్నాం. అది ఏ మందో తెలిస్తే వేయాలో తగలెయ్యాలో తేల్చుకుంటాం. బావి కూడా అక్కడికి పాతిక అడుగులే. నీళ్ళ విషయంలో మా ఊళ్ళవాళ్ళకి ఎంత భయమో మీకు వేరే చెప్పాలా?

మీరు చేయవలసినవి చెబుతాను. ఆ మందు పేరు, ఎంత పాళ్ళలో కలిపారు అన్నది రాతలో పంపండి. 2,500 రూపాయలు, దాని మీద జీఎస్టీ 450, మొత్తం 2,950 తీసుకున్నారు, అది వెనక్కివ్వండి. ఆసుపత్రి, పరీక్షలు, గడ్డి ఖర్చుల రసీదుల నకళ్ళు దీనితో జతచేశాను, అవి భరించండి. తెలిసిన మనిషిని పంపి తొర్ర పని ఉచితంగా పూర్తి చేయండి. మీరు డబ్బు పంపేసి పని వదిలేస్తామన్నా నాకు కుదరదు, ఎందుకంటే ఆవుని ఇంకా ఎదురింటి వాళ్ళ సాలలోనే కట్టుకుంటున్నాం.

పదిహేను రోజులు చూస్తాను. ఆ తరవాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా తేలకపోతే శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం దీన్ని సేవాలోపం అంటారు. నేనున్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, రెండేళ్ళ గడువుంది, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. డబ్బు తీసుకుని పురుగుమందు కొట్టేవాళ్ళకి 1968 పురుగుమందుల చట్టం కింద లైసెన్సు ఉండాలి. మీ లైసెన్సు నకలు కూడా జవాబుతో పంపించండి. ఉందనే అనుకుంటున్నాను.

మనిషిని పంపేటప్పుడు సాయంత్రం ఆరున్నర దాటాక పంపండి. నిచ్చెన, ఎర్ర కాగితం కట్టిన టార్చి మా దగ్గర ఉన్నాయి. ముఖానికి వల, పొడుగు చేతుల చొక్కా, లేబుల్ ఉన్న మందు మీరు ఇచ్చి పంపాలి. నిన్న వంటింటి కిటికీలో ఒకటి మళ్ళీ మట్టి తెచ్చి గూడు మొదలుపెట్టింది. మా అమ్మ ఆ కిటికీ రెక్క మూయనివ్వడం లేదు. దాని జోలికి మాత్రం రావద్దని వచ్చే అతనికి ముందే చెప్పండి.

ఇట్లు,
మీ టికెట్ క్లోజ్ అయిన కస్టమరు.

జతచేసినవి: బిల్లు, ఆసుపత్రి రసీదులు, రెండు రక్తపరీక్ష రిపోర్టులు, గడ్డి కొన్న చీటీ, ఈ రోజు పొద్దున తీసిన తొర్ర ఫోటో.