పాత కారుకు బయటి విడిభాగాలు: వేడి కొలిచే సెన్సార్ సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారాలు.

ఉత్తరాంధ్రలో పాత కార్లకు మళ్ళీ మంచి రోజులు వచ్చినట్లున్నాయి. ఏళ్ళ తరబడి కొట్టాంలో దుమ్ము పట్టి పడివున్న అంబాసిడర్‌నో, ప్రీమియర్ పద్మినినో బయటికి తీసి, తుప్పు గీకించి, రంగు వేయించి, సీట్లు కుట్టించి, పెళ్ళిళ్ళకూ పండుగలకూ నడుపుకొంటున్న కుటుంబాలు విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లి వైపు బాగానే కనిపిస్తున్నాయి. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే ఈ కార్ల ఇంజన్లకు బయటి కంపెనీల విడిభాగాలు బిగించేటప్పుడు, ఇంజన్ వేడిని కొలిచే సెన్సార్‌ను ఎక్కడ, ఎలా అమర్చాలన్న ప్రశ్నను అందరూ చిట్టచివరికి నెట్టివేస్తున్నారు. క్రోమియం బంపరుకు వేలు ఖర్చు పెట్టేవారు కూడా ఈ చిన్న ఇత్తడి ముక్క దగ్గర ‘ఏదో ఒకటి పెట్టెయ్యండి’ అంటున్నారు. బస్సు గ్యారేజీలో ఉద్యోగ జీవితమంతా గడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాడిగా, ఈ విషయం మీ పత్రిక ద్వారా కారు యజమానుల, మెకానిక్కుల, విడిభాగాల వ్యాపారుల దృష్టికి తీసుకురావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

బయటి విడిభాగాలు వాడవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. పశ్చిమ బెంగాల్ ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. కంపెనీ సామాను దొరకని కారుకు బయటి సామానే దిక్కు. థర్మోస్టాట్ (నీళ్ళు వేడెక్కేదాకా రేడియేటర్ వైపు పోకుండా ఆపే కవాటం) మీది పాత ఇనుప మూత పగిలితే అల్యూమినియం మూత వేస్తున్నారు. రాగి, ఇత్తడి రేడియేటర్ స్థానంలో అల్యూమినియం రేడియేటర్ వస్తోంది. బెల్టుతో తిరిగే ఫ్యాను తీసి కరెంటు ఫ్యాను పెడుతున్నారు. కొందరు ఇంజనే మార్చేస్తున్నారు. వీటిలో మంచి సామానూ ఉంది. చిక్కల్లా ఎక్కడంటే, కొత్త భాగం పాత భాగంలాగే బోల్టులకు సరిపోయినా, సెన్సార్ కూర్చునే రంధ్రం మాత్రం దానిలో ఉండదు, ఉన్నా పాత కొలతలో ఉండదు.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు వంశంలో పుట్టిన అంబాసిడర్‌కు దీర్ఘకాలం వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజన్ బ్రిటిష్ కొలతలది. ఆ కుటుంబపు ఇంజన్లలో వేడి కొలిచే బల్బు, అంటే సెన్సార్, సాధారణంగా హెడ్డు (సిలిండర్ల పై మూత భాగం) ముందు వైపున, థర్మోస్టాట్‌కు దిగువన, నీళ్ళు ఎప్పుడూ కదిలే చోట ఉంటుంది. దాని మర అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు, అంటే 15.9 మిల్లీమీటర్ల వ్యాసం, అంగుళానికి 18 చుట్లు. ఇప్పుడు బజారులో సులువుగా దొరికేది 16 మిల్లీమీటర్ల మెట్రిక్ మర. కంటికి రెండూ ఒకటే. చేత్తో తిప్పితే ఒకటి రెండు చుట్లు సాఫీగానే పోతుంది, ఆ తరువాత బిగుసుకుంటుంది. అప్పుడు మెకానిక్కు స్పానరుకు గొట్టం తొడిగి బలం పెడతాడు. అల్యూమినియం అయితే సన్నని వెండి రంగు పొట్టు రంధ్రం అంచున రాలుతుంది. ఆ పొట్టు కనిపించిందంటే మర తెగిపోయినట్లే. అంతకంటే చిన్న సెన్సార్లలో ఈ పొరపాటు పట్టుకోవడం ఇంకా కష్టం: ఎనిమిదో వంతు అంగుళం గొట్టపు మరల్లో అమెరికా పద్ధతిలో అంగుళానికి 27 చుట్లు, బ్రిటిష్ పద్ధతిలో 28 చుట్లు ఉంటాయి. ఒక్క చుట్టు తేడా. రెండూ ఒకదానిలో ఒకటి దూరుతాయి, కారవు కూడా, కొన్నాళ్ళపాటు. మరల కొలబద్ద, అంటే పిచ్ గేజి, పెద్ద ఖరీదైనదేమీ కాదు. ప్రతి షెడ్డులోనూ అది ఒకటి ఉండి తీరాలి.

మర కుదిరినంత మాత్రాన పని అయిపోదు. సెన్సార్ మొన పూర్తిగా నీళ్ళలో మునిగి ఉండాలి. అడాప్టర్ మీద అడాప్టర్ బిగించినప్పుడు సెన్సార్ పైకి లేచి, దాని మొన నీటి ప్రవాహానికి అందకుండా ఒక చిన్న గూటిలో ఉండిపోతుంది. ఆ గూటిలో గాలి బుడగ చేరితే మీటరు చూపేది ఆ గాలి వేడినే. రేడియేటర్ పై గొట్టాన్ని కోసి మధ్యలో సెన్సార్ కోసం లోహపు గొట్టం ముక్క పెట్టే పద్ధతి ఒకటి ఉంది. హెడ్డుకు తూటు పొడవకుండా పని జరుగుతుంది కనుక నేను దానికి వ్యతిరేకిని కాను. కాని అది థర్మోస్టాట్ దాటిన తరువాతి చోటు. సాధారణంగా వాడే 82 డిగ్రీల థర్మోస్టాట్ తెరుచుకునేదాకా అక్కడికి వేడినీళ్ళు సరిగా రావు. థర్మోస్టాట్ మూసుకుపోయి ఇరుక్కుందా, హెడ్డు ఉడికిపోతున్నా ఆ గొట్టంలోని సెన్సార్ చల్లగానే ఉందని చెబుతుంది. పైగా ఆ లోహపు ముక్క రెండు వైపులా రబ్బరు మధ్య ఉంటుంది కనుక దానికి విడిగా ఎర్తు వైరు వేయకపోతే ఒంటి వైరు సెన్సార్ అసలు పని చేయదు.

ఎర్తు మాట వచ్చింది కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఒంటి వైరు సెన్సార్‌కు రెండో దారి ఇంజన్ లోహమే. సెన్సార్‌లోని పదార్థపు నిరోధం చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కినకొద్దీ తక్కువ. నిరోధం తగ్గితే మీటరులోకి కరెంటు ఎక్కువ పోయి ముల్లు వేడి ఎక్కువని తెలిపే ‘హెచ్’ వైపు కదులుతుంది. ఇప్పుడు మరలు కారకుండా తెల్ల టేపు మందంగా చుట్టారనుకుందాం, లేదా రంగు వేసిన మూతకు రంగు గీకకుండా బిగించారనుకుందాం. ఎర్తు బలహీనపడి అదనపు నిరోధం చేరుతుంది. ముల్లు ఉండవలసిన చోటు కంటే కిందనే ఆగుతుంది. వైరు ఊడినా ముల్లు కిందనే. గాలి బుడగ ఉన్నా కిందనే. నీళ్ళు కారిపోయి సెన్సార్ బయటపడినా ముల్లు కిందికే దిగుతుంది, సరిగ్గా ఇంజన్ నాశనమవుతున్న క్షణంలో. అమర్చడంలో జరిగే తప్పుల్లో చాలావరకు ‘అంతా చల్లగానే ఉంది’ అనే వైపే అబద్ధం చెబుతాయి. అందుకే తప్పుగా బిగించిన మీటరు కంటే అసలు మీటరు లేకపోవడమే నయమని నా అభిప్రాయం. మీటరు లేనివాడు కనీసం ఆవిరి వాసనకు, ఇంజన్ చప్పుడుకు చెవీ ముక్కూ అప్పగించి నడుపుతాడు.

మరో సాధారణ పొరపాటు, హెచ్చరిక దీపపు స్విచ్చిని మీటరు సెన్సార్ అనుకుని బిగించడం. పైకి కవలల్లా ఉంటాయి. స్విచ్చి ఒక ఉష్ణోగ్రత దగ్గర కలుస్తుంది, అంతే. దానికి మీటరు కలిపితే ముల్లు నిద్రపోతూ ఉండి, ఒక్కసారిగా చివరికి పోతుంది. కరెంటు ఫ్యానుకు రేడియేటర్‌లో బిగించే స్విచ్చి కూడా ఇదే కోవలోది. సెన్సార్ సరైనదే అయినా, ఏ మీటరుకు ఏ సెన్సార్ అన్నది కూడా చూసుకోవాలి. ఒక కంపెనీ మీటరుకు మరో కంపెనీ సెన్సార్ కలిపితే ముల్లు కదులుతుంది గాని అది చూపేది నిజమైన వేడి కాదు. కొన్ని పాత కార్ల మీటర్లు బ్యాటరీ వోల్టేజీ మీద నేరుగా కాక, పది వోల్టుల దగ్గర నిలబెట్టే ఒక చిన్న స్టెబిలైజర్ ద్వారా పని చేస్తాయి. వైరింగు కొత్తగా వేయించేటప్పుడు ఆ డబ్బీని పనికిరానిదిగా తీసి పారేస్తే లెక్క మళ్ళీ తప్పుతుంది. ఇక అసలు వైర్లే లేని పాత రకం మీటరు ఉన్నవారు, బల్బు నుంచి డాష్‌బోర్డు దాకా పోయే సన్నని రాగి గొట్టాన్ని మడత పడకుండా కాపాడుకోవాలి. బల్బులోని ద్రవం వేడికి ఆవిరై, ఆ ఆవిరి ఒత్తిడి ముల్లును తోస్తుంది. గొట్టం తెగితే మామూలు షెడ్డులో అతికేది కాదు.

వీటన్నిటినీ పరీక్షించడానికి పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. కొత్త సెన్సార్‌ను ఇంజన్‌కు బిగించే ముందే ఒక గిన్నెలో నీళ్ళు కాచి, తీగకు వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి, మల్టీమీటరుతో నిరోధం ఎన్ని ఓములో చూసుకోవచ్చు. విజయనగరం సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేదు కనుక ఇక్కడ నీళ్ళు మరిగే చోటు నూరు డిగ్రీలే అనుకోవచ్చు. నలభై డిగ్రీల దగ్గర, ఎనభై దగ్గర, మరిగేటప్పుడు వచ్చిన అంకెలు ఒక కాగితం మీద రాసుకుంటే, రేపు ముల్లు అనుమానంగా కదిలినప్పుడు తప్పు సెన్సార్‌దా, మీటరుదా, వైరుదా అన్నది పది నిమిషాల్లో తేలుతుంది. అదే నీళ్ళలో థర్మోస్టాట్‌ను కూడా ముంచి ఎప్పుడు తెరుచుకుంటుందో చూడవచ్చు. (మా గ్యారేజీలో ఈ పనికి టీ కాచే గిన్నెనే వాడేవారు, ఆ రోజు టీ ఎవరూ తాగేవారు కాదు.)

మా వైపు మెకానిక్కులకు థర్మోస్టాట్ మీద ఎందుకో పగ. ‘మన ఎండలకు ఇది ఎందుకండీ’ అని తీసి బయట పడేస్తారు. అది లేకపోతే ఇంజన్ చలికాలపు ఉదయాల్లో సరైన వేడికి రావడానికే చాలాసేపు పడుతుంది, నూనెలో తేమ నిలుస్తుంది, బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, త్వరగా అరుగుతుంది. మీటరు ముల్లు ఎప్పుడూ కిందనే ఉండడం చూసి యజమాని మురిసిపోతాడు. తరువాత సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ వైపో, శృంగవరపుకోట నుంచి అనంతగిరి వైపో నలుగురినీ ఎక్కించుకుని మే నెలలో బయలుదేరినప్పుడు అసలు పరీక్ష వస్తుంది. రెండో గేరులో ఎక్కుతున్న బండికి ఎదురుగాలి ఉండదు, వేడి మాత్రం పూర్తిగా ఉంటుంది. ఎత్తు పెరిగినకొద్దీ నీళ్ళు మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. కోరాపుట్ ఎత్తులో తెరిచిన గిన్నెలో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత చదరపు అంగుళానికి ఏడు పౌన్ల ఒత్తిడి పట్టి ఉంచితే కింద మన ఊళ్ళో దాదాపు 111 డిగ్రీల దాకా నీళ్ళు మరగవు. మూత రబ్బరు అరిగి ఒత్తిడి నిలవకపోతే ఆ అదనపు రక్షణ అంతా పోతుంది. సరిగా అమర్చిన సెన్సార్ ఉంటే, ముల్లు మామూలు చోటు దాటి కదలడం మొదలుపెట్టగానే బండిని పక్కకు ఆపవచ్చు. లేకపోతే హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకూ ఇంజన్ దిమ్మకూ మధ్య ఉండే పొర) పోవడమో, హెడ్డు వంగడమో జరిగాకే తెలుస్తుంది. పాత హెడ్డును ఫేసింగ్ చేయించడానికి, అంటే గీకి చదును చేయించడానికి కూడా హద్దు ఉంది. గీకిన లోహం తిరిగి రాదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. రంధ్రం లేదని చెప్పి అసలు హెడ్డుకే డ్రిల్లు పెట్టడం కొన్ని షెడ్లలో జరుగుతోంది. లోపల నీటి మార్గం ఎక్కడుందో, గోడ మందం ఎంతో తెలియకుండా తూటు పొడిస్తే కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. పైగా చట్టం సంగతి కూడా చూడాలి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన, వాణిజ్యానికి వాడని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. అయితే వాహనం అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు అన్నది షరతు. అటువంటి నమోదు మీద ఆశ ఉన్నవారు అసలు హెడ్డును ముట్టుకోకుండా, మార్చిన భాగంలోనే, అంటే కొత్త థర్మోస్టాట్ మూతలోనో, గొట్టం మధ్య ముక్కలోనో సెన్సార్ పెట్టించుకోవడం మేలు. రేపు ఆ భాగం విప్పి పాతది బిగిస్తే కారు యథాస్థితికి వస్తుంది. థర్మోస్టాట్ మూతలో పెట్టేటట్లయితే, రంధ్రం థర్మోస్టాట్‌కు ఇంజన్ వైపు పడేలా చూసుకోవాలి.

ఈ విషయంలో వ్యాపారులను నేను కోరేది ఒకటే. థర్మోస్టాట్ మూత, రేడియేటర్, హెడ్డు అమ్మేటప్పుడు అందులో సెన్సార్ రంధ్రం ఉందో లేదో, ఉంటే దాని మర కొలత ఏమిటో పెట్టె మీద రాయాలి. సెన్సార్ అమ్మేవారు మరతోపాటు కనీసం రెండు మూడు ఉష్ణోగ్రతల దగ్గర దాని నిరోధం ఎంతో రాయాలి. ఇప్పుడు చాలా పెట్టెల మీద ‘అంబాసిడర్ పెట్రోలు’ అన్న మాట తప్ప మరేమీ ఉండడం లేదు. ఆ పేరుతో దశాబ్దాల కాలంలో ఎన్ని రకాల ఇంజన్లు వచ్చాయో అమ్మేవారికి తెలియనిది కాదు. మా జిల్లా ఐటీఐలలో మోటారు మెకానిక్ విద్యార్థులకు కొత్త బండ్ల స్కానర్లతోపాటు ఈ గిన్నె, మల్టీమీటరు పరీక్షను కూడా ఒక పూట చేయిస్తే బాగుంటుంది. పాత కార్ల వద్దకు వచ్చే కుర్రాళ్ళలో చేతి నేర్పుకు కొదవ లేదు. కొలిచి చూసే అలవాటే తక్కువగా ఉంది.

యజమానులు కూడా షెడ్డు నుంచి కారు తీసుకునేటప్పుడు మెకానిక్కును మూడు పనులు చేసి చూపించమని అడగాలి. సెన్సార్ వైరు ఊడదీసి ఇంజన్ లోహానికి ఒక్క క్షణం తాకిస్తే ముల్లు ‘హెచ్’ వైపు లేవాలి. సెన్సార్ ఒంటికీ బ్యాటరీ నెగెటివ్ కొనకూ మధ్య నిరోధం దాదాపు సున్నా ఉండాలి. ఇది ఇంజన్, లైట్లు ఆపి చూడాలి. ఇంజన్ వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు ముల్లు నిలిచిన చోటును మీటరు అద్దం మీద సన్నని గుర్తుతో చూపించాలి. వాడిన సెన్సార్ మర కొలత, ఓముల అంకెలు బానెట్ లోపలి వైపు చెరగని రంగుతో రాయించుకుంటే, ఆ కారును తరువాత ఎవరు విప్పినా వెతుకులాట ఉండదు.

ఇట్లు,
విశ్రాంత గ్యారేజీ ఉద్యోగి,
విజయనగరం.