అట్టపెట్టెల తయారీదారుల సంఘం: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ముందు సమావేశాల లెక్క, ఆ తర్వాత జమాఖర్చులు చెప్పడం మన ఆనవాయితీ. ఈసారి వాటిని చివరికి నెట్టాను. ఏడాది పొడుగునా ఆఫీసుకి వచ్చినవాళ్లంతా తిప్పి తిప్పి అడిగింది ఒక్కటే: "రీలు (పెట్టెలు చేసే కాగితపు చుట్ట) రేటు మన చేతిలో లేదు సరే, మరి ఎవరి చేతిలో ఉంది?" ఆ సంగతేంటో చూద్దామని జూలై నుంచి నెలకో శనివారం సాయంత్రం కూర్చున్నాం. భారత్, చైనాల మధ్య కాగితం వ్యాపారం ఈ ఎనిమిదేళ్లలో ఎలా మారిందో లెక్కలు తీశాం. మొదటి శనివారం ఐదుగురం. తర్వాత కుర్చీలు పక్క షెడ్డు నుంచి తెప్పించాల్సి వచ్చింది (మిర్చి బజ్జీల మహిమ కూడా కొంత ఉంది, ఒప్పుకుంటాను).

2017 దాకా మనకి చైనా అంటే కోటెడ్ పేపరో (నున్నటి పూత వేసిన కాగితం), డెకర్ పేపరో (లామినేట్ షీట్ల మీది డిజైన్ కాగితం) అమ్మే దేశం. అదే సమయంలో ప్రపంచంలోని వేస్ట్ పేపర్‌ని అందరికంటే ఎక్కువగా కొనేదీ ఆ దేశమే. 2018 జనవరి నుంచి అన్ని రకాలూ కలిసిపోయిన వేస్ట్ పేపర్‌ని చైనా ఆపేసింది. మార్చి నుంచి మిగతా రకాల బేళ్లలోనూ (నొక్కి కట్టిన వేస్ట్ పేపర్ మోపులు) చెత్త 0.5 శాతం మించకూడదంది. వేస్ట్ పేపర్ వ్యాపారం తెలిసినవాళ్లకి అది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ఒక్క తడిసిన బేలు చాలు, కంటైనర్ మొత్తం వెనక్కి. 2021 జనవరి 1 నుంచి ఆ తలుపు పూర్తిగా మూసుకుంది.

అయితే వాళ్లు వద్దన్నది చెత్తని, కాగితాన్ని కాదు. అక్కడే మన కథ మొదలైంది. చైనాలో బొమ్మలు నింపిన పెట్టె అమెరికాలో ఎవరింటి ముందో ఖాళీ అవుతుంది. ఇదివరకు దాన్ని బేలు కట్టి నేరుగా చైనాకి పంపేవాళ్లు. ఇప్పుడు అలాంటి బేళ్లు మన రేవుల్లో దిగుతున్నాయి, మన మిల్లుల్లో గుజ్జవుతున్నాయి, రీళ్లయి చైనాకి ఓడెక్కుతున్నాయి. అక్కడ మళ్లీ పెట్టె. ఈ చుట్టులో మనకి మిగిలేది మిల్లు కూలీ, ఎగుమతి డబ్బు, దాంతోపాటు మురికినీరు. మిల్లులవాళ్లని తప్పుపట్టలేం. డాలర్లిచ్చే కొనుగోలుదారు గుమ్మంలో నిలబడితే మనమైనా అదే చేస్తాం.

దెబ్బ తగిలింది మాత్రం మనకి. 2020 లాక్‌డౌన్‌లో ఊళ్లలో పాత కాగితం ఏరేవాళ్లు లేరు, అమెరికా బేళ్లూ తగ్గాయి. చైనా ఆర్డర్లు మాత్రం ఆగలేదు. రీలు రేటు వారానికోసారి మారేది, మన పెట్టె రేటేమో ఏడాదికోసారి. నా సంగతే చెప్తాను. ఒక పచ్చళ్ల కంపెనీకి ఏడాది రేటు రాసిచ్చి సంతకం పెట్టాను. నాలుగో నెలకల్లా వాళ్లకి పంపిన ప్రతి పెట్టెలోనూ నా చేతి డబ్బు కొంత ఉంది. రేటు సవరించమని అడిగితే కాగితం చూపించారు, నేను సంతకం పెట్టిన కాగితమే. క్రాఫ్ట్ (పెట్టెలు చేసే గోధుమరంగు కాగితం) ఎగుమతిని కట్టడి చేయమని అప్పట్లో దేశమంతటా పెట్టెల తయారీదారులు కేంద్రాన్ని అడిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

2023 జనవరి నుంచి చైనా చాలా రకాల కాగితం మీద దిగుమతి సుంకం తీసేసింది. వినడానికి మనకి లాభమే అనిపిస్తుంది. కానీ తలుపు అందరికీ తెరుచుకుంది. పైగా చైనా కంపెనీలే మలేసియాలో, లావోస్‌లో మిల్లులు పెట్టి సరుకు తెచ్చుకుంటున్నాయి. మన రీళ్లకి అక్కడ పోటీ పెరిగింది.

లెక్కలు చూసేటప్పుడు మేం పడ్డ తిప్పలు కూడా రాయాలి. కేంద్ర వాణిజ్య శాఖ డేటా బ్యాంకులో 4804 అనే కస్టమ్స్ కోడ్ కొడితే క్రాఫ్ట్ వస్తుంది. అది ఒక్కటే చూసి రెండు వారాలు వాదించుకున్నాం. తర్వాత తెలిసింది, కస్టమ్స్ నిబంధన ప్రకారం రసాయనాలతో ఉడికించిన గుజ్జు 80 శాతానికి తగ్గకుండా ఉంటేనే క్రాఫ్ట్ అట. మనం రోజూ క్రాఫ్ట్ అని పిలుచుకునే వేస్ట్ పేపర్ రీలు అసలు క్రాఫ్టే కాదు, దాని చోటు 4805! రెండూ కలిపి చూస్తే తప్ప బొమ్మ తేలదు. ఇంకో చిక్కు: మన ఏడాది ఏప్రిల్‌తో మొదలవుతుంది, చైనాది జనవరితో. మనం ఓడెక్కించే దాకా ఉన్న విలువ రాస్తాం, వాళ్లు ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కలిపి రాస్తారు. అందుకే ఒకే సరుకుకి రెండు దేశాల్లో రెండు అంకెలు. ఎవరైనా ఒక్క అంకె చెప్పి భయపెడితే ఏ కోడ్, ఏ ఏడాది అని అడగండి.

అక్టోబరు శనివారం మాటలు తగ్గించి రీలు ముందేసుకున్నాం. ఒక సభ్యుడు తెచ్చిన రీలు మీద 120 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో), 18 బీఎఫ్ (ఒత్తిడికి చిరగకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) అని లేబుల్ ఉంది. రౌండ్ కట్టర్‌తో కోసి తూచాం. ఆ ముక్క వంద చదరపు సెంటీమీటర్లు, కాబట్టి గ్రాముల్ని వందతో గుణిస్తే జీఎస్ఎం. కాటా మీద 1.09 గ్రాములు, అంటే 109. మాయిశ్చర్ మీటర్ గుచ్చితే తేమ 11 శాతం. ఎనిమిది ఉండాల్సిన చోట పదకొండంటే టన్నుకి ముప్పై కిలోల నీళ్లు కాగితం రేటుకి కొన్నట్టు. మిల్లు పేరు ఇక్కడ వద్దు. తప్పు మనదీ ఉంది. 2021లో రీలు దొరికితే అదే పదివేలనుకుని తూచడం మానేశాం, సరుకు దొరికే రోజుల్లోనూ మళ్లీ మొదలుపెట్టలేదు.

జీఎస్టీ సంగతి. సెప్టెంబరు 22 నుంచి పెట్టె మీద పన్ను 5 శాతం, రీలు మీద 18. అంతకుముందు రెండూ 12. పెట్టె చవకైందని కస్టమర్ సంతోషం, రీలు మీద మనం ఎక్కువగా కట్టిన పన్ను క్రెడిట్ మాత్రం ప్రభుత్వం దగ్గర ఇరుక్కుంది. రీఫండ్‌కి ఆర్‌ఎఫ్‌డీ-01 అనే ఫారం వేసుకోవాలి. ముడిసరుకు మీద కట్టిన పన్నే లెక్కలోకి వస్తుంది, మెషినరీ మీద, సర్వీసుల మీద కట్టింది రాదు. మన ఆడిటర్ గారు రెండు సాయంత్రాలు కూర్చుని నేర్పించారు.

2025 ఆగస్టు 27న మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్యల కార్టన్లు చేసే సభ్యులు ఆర్డర్ల టెన్షన్‌లో పడ్డారు. వారికి ఈ ఏడాది చందా గడువు పొడిగించాం.

జమాఖర్చుల పట్టీ విడిగా జత చేశాం. పాత బకాయిలవాళ్లకి ఫోన్ చేస్తాను, దయచేసి ఎత్తండి.

కట్టర్, కాటా, మాయిశ్చర్ మీటర్ సంఘం డబ్బుతో కొని ఆఫీసు బీరువాలో పెట్టాం. రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకెళ్లండి, మర్నాడు సాయంత్రానికి తిరిగివ్వండి. కట్టర్‌తో రీలు కాగితమే కోయండి. ఎవరో ఐదు ప్లై అట్ట కోయబోయి బ్లేడు అప్పుడే మొద్దుబరిచారు.

ఇట్లు,
కార్యదర్శి