అచ్చుల క్లాసులో పుట్టీ బొమ్మలు

బ్రాంప్టన్, కెనడా

అమ్మా,

ఇక్కడ అందరం బాగున్నాం. డెంటల్ అసిస్టెంట్ ట్రైనింగ్‌లో ఇప్పుడు పళ్ల అచ్చులు తీయడం నేర్పిస్తున్నారు. దాని గురించి నీకు చెప్పాలని రాస్తున్నాను.

అచ్చుకి సిలికాన్ పుట్టీ వాడతాం. రెండు డబ్బాల్లో రెండు రంగుల ముద్దలుంటాయి. మా దగ్గరున్నవి తెలుపు, నీలం. ఒక్కో స్కూపు సమానంగా తీసుకుని పూరీ పిండిలా పిసకాలి. అయితే అరచేత్తో కాదు, వేళ్ల కొసలతో. అరచేతి వేడికి తొందరగా గట్టిపడిపోతుంది. లేటెక్స్ గ్లౌజులూ పనికిరావు, వాటిలోని గంధకం తగిలితే సరిగా గట్టిపడదు. చారలు పోయి ఒకే రంగు వచ్చేదాకా ముప్పై, నలభై సెకన్లు కలిపి, ట్రేలో సర్ది, ప్లాస్టిక్ దవడకి నొక్కాలి. నాలుగైదు నిమిషాల్లో రబ్బరైపోతుంది.

ట్రే నింపాక మిగిలిన పుట్టీ ఎలాగూ పారేయాల్సిందే. దాంతోనే అందరం బొమ్మలు చేస్తాం. పంజాబీ అమ్మాయి తాబేళ్లు చేస్తుంది. ఫిలిప్పీన్స్ ఆవిడ వాళ్ల ఊళ్లో జనం ఎక్కి తిరిగే జీపులాంటి బండి, జీప్నీ చేసింది, చక్రాలతో సహా! నేను వినాయకుణ్ణి. నువ్వు చవితికి చేసే మట్టి విగ్రహమైతే ఆరుతుంటే తడి చేసి సరిదిద్దుతావు కదా. ఇక్కడ ఆ వీల్లేదు. అందుకే ముందు తొండం తిప్పేస్తాను, బొజ్జ తర్వాత. పళ్లు పరీక్షించే సన్నటి కొక్కెంతో గుచ్చి కళ్లు పెడతాను.

టీచరమ్మ ఏమీ అనరు, పైగా బాగున్నవాటిని కిటికీ గట్టు మీద వరసగా పెడతారు. దానికి కారణం ఆవిడ మంచితనం ఒక్కటే కాదనిపిస్తోంది. మొదట్లో నా చూపంతా టైమర్ మీదే ఉండేది, ఒకటే టెన్షన్. ఇప్పుడు పుట్టీ వేలిని వెనక్కి నెట్టడం మొదలుపెట్టగానే గట్టిపడుతోందని తెలిసిపోతోంది. ఆ దశలో ట్రే పెడితే అచ్చు వంకర వస్తుంది, పాపం పేషెంట్ మళ్లీ నోరు తెరుచుకుని కూర్చోవాలి. ఆ తేడా నా వేళ్లకి పట్టుబడింది ఈ బొమ్మల వల్లే. చేతిపని నేర్పేవాళ్లు ఇంత ఆట ఉండనివ్వాలమ్మా.

ఒక వినాయకుణ్ణి పార్సిల్‌లో పంపుతున్నాను. పూజలో పెట్టకు, నీళ్లలో కరగడు, నిమజ్జనానికి పనికిరాడు. షోకేసులో పెట్టు. అన్నయ్య కొడుకు కొరక్కుండా చూడు. ఈసారి నువ్వు విగ్రహం చేసేటప్పుడు తొండం తిప్పే దగ్గర వదినని వీడియో తీసి పంపమను.

నీ చిన్ని