2025–26 వార్షిక నివేదిక: మన ట్యాక్స్ ప్రాక్టీషనర్ల అసోసియేషన్, తిరుపతి

మెంబర్స్ అందరికీ నమస్కారం. చేసిన ప్రోగ్రామ్‌లన్నీ వరసపెట్టి రాయడం లేదు, ఫొటోలు గ్రూపులో ఉన్నాయి, ఖర్చులు ఆడిట్ అయిన లెక్కల్లో ఉన్నాయి. చెప్పాల్సిన రెండు మూడు సంగతులే కాస్త వివరంగా రాస్తున్నా.

పోయిన సెప్టెంబర్ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఐటీ రిటర్నులకు 15 ఆఖరు అన్నారు, ఆ రాత్రి ఇంకొక్క రోజు ఇచ్చినారు, అది అయిపోయిందో లేదో 20న త్రీబీ (నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను), 22 నుంచి జీఎస్టీ కొత్త రేట్లు, 24న శ్రీవారి బ్రహ్మోత్సవాలు మొదలు. మనకు లాడ్జీల క్లయింట్లు ఎక్కువ కదా, రోజుకు 7,500 రూపాయల లోపు రూములకు 12 శాతం పోయి 5 శాతం వచ్చింది గానీ ఐటీసీ లేదు, అంటే కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని తీసివేసుకునే క్రెడిట్ లేదు, ఈ ఐటీసీ లేదన్న ముక్క ఓనర్లకు ఒక పట్టాన ఎక్కలేదు, రేటు తగ్గింది కదా సార్ ఇంకేంది అనేవాళ్లు. దాని మీద పెట్టిన క్లాసుకు శ్రీకాళహస్తి, పుత్తూరు, పలమనేరు నుంచి కూడా వచ్చినారు. చెప్పింది మన జూనియర్లే. బోర్డు మీద లాడ్జి వాళ్ల లాండ్రీ బిల్లు, ఏసీ రిపేరు బిల్లు, కొత్త పరుపుల బిల్లు రాసి, ఏ క్రెడిట్ పోతుందో ఒక్కొక్కటే కొట్టేస్తూ చూపించినారు. ఆ పిల్లలకు మైకు ఇవ్వాలని కమిటీలో గట్టిగా అడిగిన సీనియర్లకు నా దండాలు.

ఇప్పుడు అసలు సంగతి, పరిపాలన. కమిటీ చేతికి వచ్చినప్పుడు మినిట్స్ పుస్తకంలో కొన్ని పేజీల్లో కింద సంతకాలున్నాయి, పైన తీర్మానం రాయాల్సిన చోటు ఖాళీ. అట్లాంటి పేజీలో రేపు ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చు! అందుకే ఈ ఏడు మీటింగ్ లేచే లోపలే తీర్మానం రాసి, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకాలు పెట్టించినాం. చెక్కు మీద ట్రెజరర్‌తో పాటు ఇంకొకరి సంతకం తప్పనిసరి చేసినాం, బ్యాంకు స్టేట్‌మెంట్ నెలనెలా గ్రూపులో పెడుతున్నాం. నమ్మకం లేదా అని ఒకరిద్దరు నొచ్చుకున్నారు. మనమే పది మందికి లెక్కలు రాసిపెట్టే వాళ్లం, మన ఇంటి లెక్క ఎవరు అడిగినా చూపించగలగాలి.

ఆఫీసర్లకు ఇచ్చే రిప్రజెంటేషన్లు కూడా ఇంతే, కమిటీ తీర్మానం లేకుండా లెటర్‌హెడ్ మీద ఎవరూ ఇవ్వకూడదని రాసుకున్నాం, ప్రెసిడెంట్ అయినా సరే.

చందా మీద జీఎస్టీ గురించి చాలామంది అడిగినారు. 2025 ఏప్రిల్‌లో కేరళ హైకోర్టు ఐఎంఏ (డాక్టర్ల సంఘం) కేసులో, సంఘాలు సొంత మెంబర్స్‌కి చేసే సేవల మీద పన్ను వేసే సెక్షన్లను కొట్టేసింది. మన వసూళ్లు ఎట్లాగూ రిజిస్ట్రేషన్ లిమిట్ అయిన 20 లక్షల దరిదాపుల్లో లేవు కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం రాలేదు.

ఎక్కువ వాదన జరిగింది పదవీకాలం మీద. ఒక పదవిలో వరసగా రెండు టర్మ్‌లు మించి ఎవరూ ఉండకూడదని ప్రతిపాదన పెట్టినాం. పని చేసేవాళ్లే దొరకరు, ఉన్నవాళ్లను దించేస్తే ఎట్లా అని సీనియర్ల మాట. అందులో నిజం లేకపోలేదు, తిరుపతిలో డ్యూ డేట్లు వదిలి సంఘం పని చేయడమంటే చేతి డబ్బులు, ఇంట్లో మాటలు. అయినా నా అభిప్రాయం ఒకటే, కుర్చీ ఖాళీ అవుతుందని తెలిస్తేనే కొత్తవాళ్లు ముందుకొస్తారు, పాతవాళ్లు దగ్గరుండి నేర్పిస్తారు. 2001 సొసైటీల చట్టం సెక్షన్ 23 కింద గొడవ జిల్లా కోర్టు దాకా పోవచ్చు, అక్కడిదాకా పోయేకంటే మన హాల్లోనే ఓటేసుకుని తేల్చుకుందాం.

అందుకే బైలా (సంఘం నియమాల) సవరణ ఈ ఏజీఎంలో, అంటే వార్షిక సర్వసభ్య సమావేశంలో, ఓటింగ్‌కి వస్తుంది, చేతులెత్తడం కాదు, స్లిప్పుల మీద. పాసైతే కొత్త కమిటీ లిస్టుతో పాటు అదీ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫైల్ చేస్తాం. చందా బాకీ ఉంటే ఓటు ఉండదు, ఈ లోపల కట్టి రసీదు తీసుకోండి. నామినేషన్ ఫారాలు ట్రెజరర్ దగ్గర ఉన్నాయి.

ఇట్లు
సెక్రటరీ