టీకా తర్వాత గుండె పట్టేస్తే మొదటి రోజే ఎకో తీయించండి: ఎన్టీఆర్ జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి,

టీకా వేయించుకున్నాక ఛాతీ నొప్పి, ఆయాసంతో వచ్చినవారిలో అరుదుగా టకోట్సుబో బయటపడుతుంది. తీవ్రమైన ఒత్తిడికి ఒంట్లో ఎడ్రినలిన్ వంటి హార్మోన్లు ఒక్కసారిగా పెరిగి గుండె కండరం చచ్చుబడే జబ్బు ఇది. జపాన్ వైద్యులు 1990లో దీన్ని మొదట వివరించారు. పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే, అందులోనూ నెలసరి ఆగినవారే ఎక్కువ. ఫ్లూ, కోవిడ్ టీకాల తర్వాత వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అంతమాత్రాన టీకాయే కారణమని తేల్చలేం. జ్వరమో, సూది భయమో, అదే వారం ఇంట్లో జరిగిన చావో కావచ్చు.

తేల్చాలంటే ఆధారం నిలవాలి, ఈ జబ్బులో అది నిలవదు. ఈసీజీ గీతలో ఎస్‌టీ అనే భాగం పైకి లేస్తుంది, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో కనిపించే ట్రోపోనిన్ పెరుగుతుంది, చూడ్డానికి అచ్చం గుండెపోటే. గుండె రక్తనాళాలను చూసే యాంజియోలో మాత్రం అంత దెబ్బకు తగిన బ్లాక్ కనిపించదు. గుండె కదలికను చూపే స్కాన్ అయిన ఎకోలో ఎడమ జఠరిక (ఒంటికి రక్తం పంపే గది) కొన కదలకుండా బెలూన్‌లా ఉబ్బుతుంది, పైభాగం మాత్రం గట్టిగా పిండుతూ ఉంటుంది. చాలామందిలో కొన్ని వారాలకే ఇదంతా సర్దుకుంటుంది. ఆ తర్వాత ఎకో తీస్తే గుండె మామూలుగానే కనిపిస్తుంది, కాగితం మీద గుండెపోటు అన్న మాటే మిగిలిపోతుంది.

టీకా తర్వాత వచ్చిన తీవ్రమైన కేసు తెలిసిన 24 గంటల్లో రిపోర్టింగ్ ఫారం జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి చేరాలన్న నిబంధన ఎలాగూ ఉంది. ఛాతీ నొప్పి కేసయితే ఆ ఫారానికి మొదటి ఈసీజీ, చేరిన రోజు ఎకో వీడియో (రిపోర్టు ఒక్కటే చాలదు), యాంజియో ఫలితం జతచేయాలని, 4 నుంచి 6 వారాలకు తీసిన రెండో ఎకోను తర్వాత అదే కేసుకు చేర్చాలని ఆదేశించండి. టీకా బ్యాచ్ నంబరు, వేసిన వేళ, నొప్పి మొదలైన వేళ విడివిడిగా రాయించండి.

ఎనాఫిలాక్సిస్‌కి (ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీకి) ఎడ్రినలిన్ ఇచ్చి ఉంటే ఎంత, ఎలా, ఎన్నింటికి ఇచ్చారో కూడా ఉండాలి. పెద్దవాళ్లకు తొడ కండరంలో 0.5 మి.లీ. ఇవ్వాల్సిన మందును కంగారులో నరానికి ఎక్కిస్తే అదే టకోట్సుబో తెచ్చిపెట్టగలదు. ఆ భయంతో ఎనాఫిలాక్సిస్‌లో సూది ఆలస్యం చేస్తే మాత్రం ప్రాణం పోతుంది. ఈ రెండూ వ్యాక్సినేటర్లకు ఒకే శిక్షణలో కలిపి చెప్పాలి.

చికిత్సలోనూ ఎకోయే దారి. బీపీ పడిపోయిందని ఎకో చూడకుండా డోబుటమిన్ (గుండెను గట్టిగా కొట్టించే మందు) పెడితే, జఠరిక నుంచి రక్తం బయటికెళ్లే దారి మూసుకుపోతున్న రోగికి బీపీ ఇంకా పడిపోతుంది. యాంజియో లేనిచోట ఎస్‌టీ లేచిన కేసును గుండెపోటుగానే చూడాలి. టకోట్సుబో అయి ఉండొచ్చన్న అనుమానంతో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఆపకూడదు.

వచ్చే టీకా క్యాంపులకు ముందే ఈ ఆదేశం పీహెచ్‌సీలకూ ప్రైవేటు ఆసుపత్రులకూ అందేలా చూడమని కోరుతున్నాం.

ఇట్లు,
విజయవాడ గుండె వైద్య విభాగాల వైద్యులు, ఎకో టెక్నీషియన్లు